కాలిన గాయంపై నీళ్లు పోస్తే బొబ్బలు వస్తాయా? మొదటి 20 నిమిషాల్లో ఏం చేయాలి?

‘‘నీళ్లు పొయ్యొద్దు, బొబ్బలెక్కుతాయి.’’

చెయ్యి కాలినప్పుడు చాలా తెలుగు ఇళ్లలో ముందుగా వినిపించే మాట ఇది. ఆ వెంటనే ఒకరు టూత్‌పేస్ట్ తెస్తారు. మరొకరు పసుపు అద్దమంటారు. దోశపిండి, కోడిగుడ్డు తెల్లసొన, సిరా, కొబ్బరినూనె, వెన్న... ఇంట్లో ఏది చేతికందితే అది. ఈ హడావుడిలో ఐదు పది నిమిషాలు గడిచిపోతాయి. నిజానికి గాయం ఎంత లోతుకు వెళ్తుందనేది చాలావరకు తేలేది ఆ నిమిషాల్లోనే.

వైద్యశాస్త్రం చెప్పేది ఈ మాటకు పూర్తి వ్యతిరేకం. కాలిన చోట మొదట పోయాల్సింది నీళ్లే. అదీ ఒక చెంబుడు కాదు, 20 నిమిషాల పాటు.

బొబ్బలు నీళ్ల వల్ల రావు. వేడికి చర్మం పై పొర, దాని కింది పొర నుంచి విడిపోతుంది. ఆ మధ్య ఖాళీలోకి ద్రవం చేరితే అదే బొబ్బ. నీళ్లు పోసినా పోయకపోయినా, కాలిన లోతును బట్టి కొన్ని నిమిషాలకో, మరుసటి రోజుకో అవి వస్తాయి. నీళ్లు పోశాక కనిపించాయి కాబట్టి నీళ్ల వల్లే వచ్చాయని అనుకోవడం నుంచే ఈ నమ్మకం పుట్టి ఉండొచ్చు.

సూరత్ తెలుగువాళ్లకు ఇది ఎందుకు ముఖ్యం?

గుజరాత్‌లోని సూరత్‌లో తెలంగాణ నుంచి, ముఖ్యంగా పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాలే అక్కడా జీవనాధారం. లింబాయత్ లాంటి ప్రాంతాల్లో వీధికి వీధి తెలుగు వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది.

ఈ జీవితంలో వేడి అన్ని వైపులా ఉంటుంది. పాండేసరా, సచిన్ పారిశ్రామిక వాడల్లోని డైయింగ్, ప్రింటింగ్ మిల్లుల్లో ఆవిరి గొట్టాలు, బాయిలర్లు, మరిగే రంగునీళ్లు, కాస్టిక్ సోడా. ఇంటికొస్తే చాలామందికి ఒకటే గది. అందులోనే గ్యాస్ పొయ్యి, అక్కడే పాకే పిల్లలు, అక్కడే చీరలకు లేసులు కుట్టే, రాళ్లు అంటించే పని. గంజి వార్చేటప్పుడో, టీ గిన్నె దించేటప్పుడో చెయ్యి కాలడం పెద్ద వింతేమీ కాదు.

కానీ ఆ చెయ్యే కూలి తెచ్చేది. తెగిన పోగును పట్టి ముడివేసే వేళ్లు రెండు వారాలు పనిచేయకపోతే ఆ నెల అద్దె కష్టమవుతుంది. గాయం మానాక వేళ్లు బిగుసుకుపోతే ఆ పనికే దూరమవ్వాల్సి రావచ్చు.

పెద్ద అగ్నిప్రమాదాలు వార్తలవుతాయి. 2019 మే 24న సూరత్ సర్థాణాలోని తక్షశిల ఆర్కేడ్‌లో మంటలు చెలరేగి 22 మంది చనిపోయిన ఘటన దేశమంతటినీ కదిలించింది. వంటింట్లో కాలిన చెయ్యి గురించి ఎవరూ రాయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం భారత్‌లో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరు నుంచి తీవ్రమైన కాలిన గాయాల పాలవుతున్నారు. అంతకన్నా చిన్న గాయాలు, ఇంట్లోనే పసుపు పూసి సరిపెట్టుకున్నవి, ఈ లెక్కలోకి రావు.

మంట ఆరినా చర్మం కాలుతూనే ఉంటుందా?

ఒక రకంగా అవును. పొయ్యి మీంచి దించిన మూకుడులో నూనె కాసేపు మరుగుతూనే ఉన్నట్లు, చర్మంలోకి చేరిన వేడి కూడా వెంటనే పోదు. కింది పొరల్లోకి దిగుతూ ఉంటుంది.

బ్రిటన్ సర్జన్ డగ్లస్ జాక్సన్ 1953లో ప్రచురించిన పరిశోధనలో కాలిన గాయాన్ని మూడు వలయాలుగా వివరించారు. మధ్యలో ఉన్నది పూర్తిగా చనిపోయిన కణజాలం. దాన్నెవరూ బతికించలేరు. అంచున ఉన్నది ఎర్రబడిన చర్మం. అది తనంతట తానే కోలుకుంటుంది. అసలు విషయమంతా ఈ రెంటి మధ్య ఉన్న వలయంలో ఉంది. అక్కడ రక్తప్రసరణ మందగించి, కణాలు చావుబతుకుల మధ్య ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో అది కోలుకోనూవచ్చు, చనిపోనూవచ్చు. చల్లటి నీటి ధార కాపాడేది ముఖ్యంగా ఈ మధ్య వలయాన్నే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో కాలిన గాయాలతో వచ్చిన దాదాపు 2,500 మంది పిల్లల వివరాలను పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. 20 నిమిషాలు, అంతకు మించి నీటి ధార కింద ఉంచిన పిల్లల్లో చర్మం అతికించే ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 40 శాతానికి పైగా తగ్గినట్లు అందులో తేలింది. ఖర్చు లేని వైద్యంతో ఇంత ఫలితం రావడం అరుదు.

ఆలస్యమైనా ఫర్వాలేదు. కాలిన మూడు గంటల లోపు మొదలుపెట్టినా కొంత ప్రయోజనం ఉంటుంది. మిల్లులో కాలి, ఇంటికొచ్చాక గుర్తొచ్చినా సరే, వెళ్లి నల్లా కింద చెయ్యి పెట్టండి.

నల్లాలో నీళ్లు రాని వేళ?

పుస్తకాల్లో ‘కుళాయి కింద 20 నిమిషాలు’ అని రాయడం తేలిక. నీళ్లు పొద్దున కొద్దిసేపే వచ్చే ఇళ్లలో అది కుదరదు. అప్పుడు డ్రమ్ములో పట్టిపెట్టిన నీళ్లను మగ్గుతో మెల్లగా, ఆగకుండా పోయాలి. కింద శుభ్రమైన టబ్ పెట్టుకుంటే నీళ్లు చాలనప్పుడు మళ్లీ అవే వాడుకోవచ్చు. అవి వేడెక్కితే మాత్రం మార్చాలి. బకెట్‌లో చెయ్యి ముంచి ఉంచడం రెండో ఉత్తమం. తడిబట్ట వేయడం ఆఖరి మార్గం. బట్ట త్వరగా వేడెక్కుతుంది కాబట్టి రెండు మూడు నిమిషాలకోసారి మళ్లీ తడపాలి.

ఇంకో చిక్కు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట డాబా మీది ట్యాంకు నీళ్లు వేడిగా వస్తాయి. ఆ నీళ్లు పోయకండి. నీడలో ఉన్న డ్రమ్ములోవి, కుండలోవి వాడండి. చేతికి చల్లగా తగిలితే చాలు.

ఐసు మాత్రం వద్దు. మంచు ముక్క పెడితే హాయిగానే ఉంటుంది. కానీ అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. రక్తం అందక ఆ మధ్య వలయం త్వరగా చనిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఐసు నేరుగా పెడితే చర్మం చలికీ దెబ్బతింటుంది.

నీళ్లు పోస్తూనే గాజులు, ఉంగరాలు, వాచీ, మెట్టెలు, మొలతాడు ఏవి దగ్గరలో ఉంటే అవి తీసేయాలి. అరగంటలో వాపు మొదలైతే ఉంగరం రాదు. తర్వాత కత్తిరించాల్సి వస్తుంది.

బట్టల సంగతి సూరత్‌వాళ్లకు వేరే చెప్పాలి, ఎందుకంటే దేశం కట్టుకునే సింథటిక్ చీరల్లో చాలావరకు వెళ్లేది అక్కడి నుంచే. నూలు బట్ట నిప్పంటుకుంటే మండి బూడిదవుతుంది. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దగ్గర కరిగి, జిగురులా చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. వేడి నీళ్లతోనో, టీతోనో తడిసిన బట్టను వెంటనే తీసేయాలి, ఎందుకంటే అది వేడిని పట్టి ఉంచుతుంది. కరిగి అతుక్కున్న బట్టను మాత్రం లాగకూడదు. దాని మీదే నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చిన్నపిల్లల విషయంలో ఒక జాగ్రత్త. కాలిన చోటు మీదే నీళ్లు పోయాలి, మిగతా ఒంటికి పొడి దుప్పటి చుట్టాలి. ఒంట్లో వేడి త్వరగా పడిపోతుంది కాబట్టి, పెద్ద భాగం కాలిన పసివాళ్లు చలికి వణుకుతుంటే నీళ్లు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

టూత్‌పేస్ట్, పసుపు, తేనె... వీటితో నష్టమేంటి?

టూత్‌పేస్ట్ చల్లగా అనిపించేది అందులోని మెంథాల్ వల్ల. ఆ చల్లదనం వేడిని బయటకు లాగదు. నూనె, వెన్న, నెయ్యి పైన పొరలా ఏర్పడి వేడిని లోపలే ఆపుతాయి. పచ్చి గుడ్డు, పిండి, మట్టి వల్ల గాయంలోకి క్రిములు చేరతాయి. పసుపు, సిరా రంగు పట్టి, గాయం ఎంత లోతో డాక్టరు అంచనా వేయలేకపోతారు. వాటిని కడిగి తీసేటప్పుడు పడే నొప్పి అదనం.

అయితే ఇంటి వైద్యాలన్నీ పనికిరానివని కొట్టిపారేయడమూ సరికాదు. తేనెపై గట్టి ప్రయోగాలు జరిగింది సూరత్‌లాగే తెలుగు నేతకుటుంబాలు ఎక్కువగా ఉన్న సోలాపూర్‌లోనే. అక్కడి వైద్య కళాశాల సర్జన్ ఎం. సుబ్రహ్మణ్యం 1991 నుంచి ప్రచురించిన అధ్యయనాల్లో, తేనె కట్టు కట్టిన గాయాలు అప్పటి మామూలు మందుల కన్నా త్వరగా మానినట్లు నమోదైంది. తర్వాతి సమీక్షకులు ఆ ఫలితాలను గుర్తిస్తూనే, ఎక్కువ ప్రయోగాలు ఒకే చోటివని గుర్తుచేశారు. ఏదేమైనా ఆ ప్రయోగాలు ఆసుపత్రిలో, శుభ్రమైన కట్టుతో జరిగాయి. వంటింటి సీసాలోని తేనె దానికి సమానం కాదు. నీటి ధార స్థానంలో ఏదీ రాదు.

కలబంద గుజ్జు, పైపైన ఎర్రబడి చర్మం చిట్లని చోట రాసుకుంటే ఇబ్బంది లేదు. బొబ్బ పగిలిన చోట పెరట్లో కోసిన కలబంద వద్దు.

మందుల దుకాణంలో దొరికే క్రీముల గురించి కూడా ఒక మాట. పసుపు రంగు ‘బర్నాల్’ ఇంట్లో ఉంటే ధైర్యం అనుకునేవాళ్లు చాలామంది. అది క్రిమిసంహారిణి. నీళ్లు పోసి చల్లబరిచాక వాడే విషయం, దానికి ముందు కాదు. తెల్లటి సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము మన దేశంలో విపరీతంగా వాడతారు. కానీ కొత్త రకం కట్లతో పోలిస్తే దీంతో గాయాలు ఆలస్యంగా మానుతున్నాయని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. సల్ఫా మందులు పడనివారు, నెలలు నిండిన గర్భిణులు, పురిటి పిల్లలకు ఇది అసలే వద్దు. చిన్న గాయానికి పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి, అంటుకోని కట్టు కడితే చాలు.

ఇంట్లో చూసుకోగల గాయమా, కాదా?

అరచేతిని కొలతగా పెట్టుకోండి. గాయపడిన మనిషి సొంత అరచెయ్యి, వేళ్లతో సహా, ఒంటి చర్మంలో సుమారు ఒక శాతం. బొబ్బలొచ్చిన గాయం అంతకన్నా పెద్దదైతే డాక్టరు చూడాల్సిందే.

చర్మం ఎర్రబడి మండుతూ, బొబ్బలు లేకపోతే అది పైపొర గాయం. వారంలో మానుతుంది. తడిగా, గులాబీ రంగులో, ముట్టుకుంటే భరించలేని నొప్పితో బొబ్బలుంటే రెండో పొర వరకు కాలినట్లు. సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది. తెల్లగా, తోలులా గట్టిపడి, లేదా నల్లబడి, నొప్పి తెలియకపోతే అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే. ‘నొప్పి లేదు కాబట్టి ఫర్వాలేదు’ అనుకోవడం ఇక్కడ ప్రమాదకరం. నొప్పి తెలిపే నరాలే కాలిపోయాయని దానర్థం.

ముఖం, చేతులు, పాదాలు, మర్మావయవాలు, కీళ్ల మీద లోతుగా గానీ బొబ్బలతో గానీ కాలితే పరిమాణం చిన్నదైనా ఆసుపత్రికి వెళ్లాలి. పసివాళ్లు, వృద్ధులు, గర్భిణులు, మధుమేహం ఉన్నవాళ్ల విషయంలోనూ అంతే. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వేడినీళ్లలో కాళ్లు పెట్టి, కాలిన సంగతే గుర్తించరు. బైక్ సైలెన్సర్ తగిలి పిక్కపై పడే మచ్చ కూడా పైకి కనిపించినదానికన్నా లోతుగా ఉంటుంది. పొగ పీల్చి గొంతు బొంగురుపోయినా, ముక్కు వెంట్రుకలు కమిలినా క్షణం ఆగకూడదు.

లింబాయత్ వైపు వాళ్లకు ఉమర్‌వాడాలోని నగరపాలక సంస్థ ఆసుపత్రి స్మిమేర్ దగ్గర. మజూరా గేట్ దగ్గర ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది. 108 అంబులెన్స్ మన రాష్ట్రాల్లో లాగే గుజరాత్‌లోనూ వస్తుంది. భాష రాదని భయపడేవాళ్లు ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు: ‘హాథ్ దాఝీ గయో ఛే’, అంటే చెయ్యి కాలింది. హిందీలో ‘జల్ గయా’ అన్నా అర్థమవుతుంది. మన ధనుర్వాతాన్ని గుజరాతీలు ‘ధనుర్’ అంటారు, కాబట్టి ఆ ఇంజెక్షన్ అడగడం కష్టం కాదు. చివరి టీకా వేసుకుని ఐదేళ్లు దాటితే, లేదా ఎప్పుడు వేసుకున్నారో గుర్తులేకపోతే అడగాలి.

ఆ గాయం ప్రమాదం కాకపోతే, ఇంట్లో ఎవరైనా కావాలని కాల్చినదైతే, గుజరాత్‌లో మహిళలకు 181 అభయం హెల్ప్‌లైన్ ఉంది.

మిల్లులో రసాయనం పడితే?

పాలిస్టర్ బట్టను మెత్తబరిచేందుకు మిల్లుల్లో కాస్టిక్ సోడా వాడతారు. ఇది మోసకారి. పడిన వెంటనే పెద్దగా మండకపోవచ్చు, జారుడుగా మాత్రమే అనిపిస్తుంది. కానీ చర్మాన్ని కరిగిస్తూ లోపలికి దిగుతుంది. 20 నిమిషాలు చాలవు. జారుడు పోయేదాకా, గంటైనా సరే, ధారగా నీళ్లు పోయాలి. ఆమ్లానికి విరుగుడుగా క్షారం, క్షారానికి విరుగుడుగా నిమ్మరసం పోయడం తప్పు. ఆ రెండూ కలిసినప్పుడు మళ్లీ వేడి పుడుతుంది.

పొడి రూపంలో ఉన్నవాటికి పద్ధతి వేరు. మిల్లులో ‘హైడ్రోస్’ అనే పొడి గానీ, ఇంట్లో సున్నం గానీ పడితే, ముందు పొడిబట్టతో దులిపి, తర్వాతే పుష్కలంగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే కన్ను తెరిచి పట్టి కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి. డబ్బా మీది పేరు ఫొటో తీసుకెళ్తే డాక్టరుకు పని సులువవుతుంది.

కరెంటు గాయాలను బయటి మచ్చను చూసి అంచనా వేయకూడదు. చర్మం మీద బొట్టంత మచ్చ, లోపల కండరం, గుండె దెబ్బతిని ఉండొచ్చు. మెయిన్ ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు. సూరత్‌లో జనవరి 14న ఉత్తరాయణ్ పతంగుల పండగ. లోహపు పూత ఉన్న మాంజా కరెంటు తీగకు తగిలితే కింద దారం పట్టుకున్న పిల్లవాడికి షాక్ కొడుతుంది. డాబా మీద పిల్లలు పతంగులు ఎగరేసే ఆ రోజుల్లోనే కింద తెలంగాణ ఇళ్లలో సకినాలు కాలుస్తుంటారు. పిండిలో తడి చిక్కుకున్న సకినం నూనెలో పేలి ముఖం మీదకు చిందడం తెలియని ఇల్లుండదు. మూకుడుకు ఒక చేతి దూరంలో కూర్చోవడం, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కాల్చకపోవడం, సింథటిక్ చీర బదులు నూలు చీర కట్టుకోవడం, ఈ మూడూ చాలా గాయాలను ఆపుతాయి.

పని చోట కాలితే ఆ సంగతి రాతపూర్వకంగా నమోదు చేయించుకోవాలి. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం రూ.21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. పని వల్ల గాయపడి కనీసం మూడు రోజులు పనికి వెళ్లలేకపోతే వేతనంలో సుమారు 90 శాతం అందుతుంది. పేరు నమోదు చేయని చిన్న సాంచాల షెడ్లలో ఈ హక్కు కాగితం మీదే ఉండిపోతోందన్నది వేరే కథ.

తర్వాతి రోజుల్లో ఇంట్లో ఏం చేయాలి?

చల్లబరిచాక గాయంపై శుభ్రమైన, అంటుకోని పొర వేయాలి. మందుల దుకాణంలో పారఫిన్ గాజు దొరుకుతుంది. ఆసుపత్రికి వెళ్లేలోపు అయితే వంటింటి పారదర్శక ప్లాస్టిక్ షీటు వదులుగా పరచినా చాలు. చీరల ప్యాకింగ్ కవర్లకు కొరత లేని ఊళ్లో, వాడని కొత్త కవరు ఒకటి చేతికి తొడిగినా పనికొస్తుంది. దూది నేరుగా పెట్టకండి, పోగులు గాయంలో ఇరుక్కుంటాయి.

రోజుకోసారి, లేదా కట్టు తడిసినప్పుడల్లా, చేతులు కడుక్కుని కట్టు మార్చాలి. మామూలు సబ్బు, శుభ్రమైన నీళ్లు చాలు. అంటుకున్న కట్టును తడిపి తీయాలి. చిన్న బొబ్బలను సూదితో పొడవద్దు, ఆ పైపొరే ఉచితంగా దొరికిన కట్టు. తనంతట తానే పగిలితే కడిగి కప్పాలి. నొప్పికి పెద్దలు పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఆరు గంటలకోసారి, 24 గంటల్లో 4 గ్రాములు మించకుండా. కాలేయ సమస్య, మద్యం అలవాటు ఉంటే డాక్టరును అడగాలి. పిల్లలకు డోసు బరువును బట్టి. వాళ్లకు ఆస్పిరిన్ వద్దు.

వేళ్లు కాలితే దేనికది విడిగా కట్టు కట్టాలి. కలిపి కడితే మానేటప్పుడు చర్మం ఒకదానికొకటి అతుక్కునే ప్రమాదం ఉంది. మొదటి రెండు రోజులు చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచితే వాపు తగ్గుతుంది. ఆ తర్వాత నొప్పిగా ఉన్నా రోజూ పలుమార్లు పిడికిలి బిగించి, విప్పాలి. నేతపని చేసేవాళ్లు ఈ వ్యాయామాన్ని మందుతో సమానంగా చూడాలి. కదపకుండా మెడకు కట్టి నెలంతా ఉంచిన చెయ్యి, గాయం మానినా పోగు పట్టలేకపోవచ్చు.

పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. చీముకు కారణం క్రిములు, పప్పు కాదు. కొత్త చర్మం కట్టుకోవడానికి ఒంటికి కావలసింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు మానిపించడం అంటే మానే గాయానికి సరుకు ఆపేయడమే.

గాయం చుట్టూ ఎరుపు రోజురోజుకూ పాకుతుంటే, చీము, దుర్వాసన, జ్వరం, తగ్గాల్సిన నొప్పి పెరగడం కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. కాలిన పిల్లలకు జ్వరంతో పాటు ఒంటిపై దద్దుర్లు, వాంతులు, విరేచనాలు వస్తే గాయం చిన్నదైనా అత్యవసరంగా చూపించాలి.

గాయం మూసుకున్నాక దురద వస్తుంది. కొబ్బరినూనె వంతు ఇప్పుడు. రోజూ మెల్లగా మర్దన చేస్తే చర్మం పొడిబారదు. కొత్త చర్మం ఎండకు నల్లబడిపోతుంది కాబట్టి కొన్ని నెలలు కప్పి ఉంచాలి. మూడు వారాలు గడిచినా గాయం మూసుకోకపోతే, మచ్చ ఉబ్బెత్తుగా గట్టిపడే అవకాశం ఎక్కువ. అంతదాకా ఆగకుండా, రెండో వారం చివరికి మానే సూచనలు కనిపించకపోతే ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించాలి.